ఒకే బడి, రెండు తీర్పులు: ప్రైవేటు ప్రాథమిక పాఠశాల మంచిదో కాదో తల్లిదండ్రులు ఎలా తేల్చుకుంటున్నారు?

వేసవి సెలవులు సగానికి వచ్చేసరికి తెలుగు రాష్ట్రాల్లో దాదాపు ప్రతి వీధిలోనూ ఒక చర్చ మొదలవుతుంది. పిల్లను ఒకటో తరగతిలో ఏ బడిలో వేయాలి? పక్క వీధిలోని ప్రైవేటు స్కూలు ఎలా ఉంటుంది? అదే స్కూలు గురించి ఇద్దరిని అడిగితే రెండు జవాబులు వస్తాయి. క్రమశిక్షణ బాగుందని, రోజూ డైరీలో హోంవర్క్ రాసి పంపిస్తారని, పిల్ల ఇంగ్లిష్ రైమ్స్ గడగడా చెబుతోందని ఒకరు మెచ్చుకుంటారు. రెండేళ్లు చదివినా సొంతంగా ఒక వాక్యం చదవలేకపోతోందని, టీచర్లు ఏడాది తిరక్కుండానే మారిపోతున్నారని, ఫీజు మాత్రం ఏటా పెరుగుతోందని మరొకరు వాపోతారు.

ఇద్దరి పిల్లలూ ఒకే తరగతి కావచ్చు, ఒకే సెక్షన్ కూడా కావచ్చు. ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు. వారు కొలుస్తున్నవి వేరు కాబట్టి తీర్పులూ వేరవుతున్నాయి. ఒకరు బడి నడిచే తీరును చూస్తున్నారు, మరొకరు పిల్లకు వచ్చిన చదువును చూస్తున్నారు. ఈ రెండూ ఒకటి కావని చెప్పే అధ్యయనాలు దక్షిణాసియాలో ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనదొకటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనే జరిగింది.

ఎంతమంది, ఎంత ఖర్చు?

ఒకప్పుడు ప్రైవేటు బడి అంటే పట్టణాల్లో ఉద్యోగుల పిల్లలు వెళ్లే కాన్వెంటు. ఇప్పుడు పరిస్థితి అది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒకే పిల్లల బృందాలను ఏళ్ల తరబడి గమనించిన 'యంగ్ లైవ్స్' అధ్యయనం ప్రకారం, 2002లో ఎనిమిదేళ్ల వయసున్న పిల్లల్లో 24 శాతం మంది ప్రైవేటు బడుల్లో ఉండేవారు. 2009లో అదే వయసు పిల్లల్లో ఆ వాటా 44 శాతానికి చేరింది. ఏడేళ్లలోనే వచ్చిన మార్పు ఇది. కూలి పనికి వెళ్లేవారు, ఆటో నడిపేవారు, కౌలు రైతులు కూడా ఈ బాట పట్టారు.

ఖర్చులో తేడా చిన్నది కాదు. కేంద్ర గణాంక శాఖ 2025లో విద్యపై చేసిన నమూనా సర్వే ప్రకారం, దేశంలో ప్రభుత్వ పాఠశాలలో చదివే ఒక్కో విద్యార్థిపై కుటుంబం పెట్టే సగటు ఖర్చు ఏడాదికి 2,863 రూపాయలు. ప్రభుత్వేతర పాఠశాలల్లో అది 25,002 రూపాయలు. ఇవి అన్ని తరగతులకూ కలిపి వేసిన సగటు లెక్కలు. ఆ ఏడాది దాదాపు 27 శాతం మంది విద్యార్థులు వీటికి అదనంగా ట్యూషనో, కోచింగో తీసుకుంటున్నారని అదే సర్వే తెలిపింది.

చాలా ఇళ్లలో ఈ డబ్బు ఇద్దరు పిల్లలకూ సరిపోదు. అప్పుడు ఒకరిని ప్రైవేటుకు, మరొకరిని సర్కారు బడికి పంపుతారు. దేశంలో ప్రైవేటు బడుల్లో అబ్బాయిల వాటా, ప్రభుత్వ బడుల్లో అమ్మాయిల వాటా ఎక్కువగా ఉండటం ఏళ్లుగా సర్వేల్లో కనిపిస్తున్నదే. కాబట్టి 'ఆ స్కూలు నిజంగా మంచిదేనా' అన్న ప్రశ్న ఇంట్లో అన్నాచెల్లెళ్ల మధ్య పంపకానికీ సంబంధించినది.

తల్లిదండ్రులు ఏం చూస్తారు?

స్కూలు నాణ్యత గురించి తల్లిదండ్రులు మాట్లాడేటప్పుడు తరచూ వచ్చే అంశాలు కొన్ని ఉన్నాయి.

మొదటిది, టీచరు వస్తున్నారా లేదా. ఇది చాలా న్యాయమైన కొలత. 2003లో దేశవ్యాప్తంగా ముందుగా చెప్పకుండా తనిఖీకి వెళ్లిన పరిశోధకులకు, ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో సగటున నలుగురు టీచర్లలో ఒకరు బడిలో కనిపించలేదు. ఊళ్లో ఆ అనుభవం ఉన్న తండ్రికి, రోజూ తొమ్మిదింటికల్లా గేటు తెరిచి సాయంత్రం వరకూ పిల్లలను కూర్చోబెట్టే బడి మంచిదిగా తోచడంలో ఆశ్చర్యం లేదు.

రెండోది ఇంగ్లిష్. ఉద్యోగానికి, పై చదువుకు, ఊళ్లో మర్యాదకు కూడా ఇంగ్లిష్ తాళంచెవి అన్న నమ్మకం బలంగా ఉంది. తాము చదువుకోని తల్లిదండ్రులకు పిల్ల నోట వచ్చే నాలుగు ఇంగ్లిష్ మాటలే ఫీజు సార్థకమైందన్న రుజువు.

మూడోది హోంవర్క్, స్లిప్ టెస్టులు, ప్రోగ్రెస్ కార్డు. ఇవి ఇంటికి వస్తాయి కాబట్టి కళ్లకు కనిపిస్తాయి. నోట్సు నిండా ఎర్ర సిరా టిక్కులుంటే పని జరుగుతోందన్న భరోసా కలుగుతుంది.

నాలుగోది తోటి పిల్లలు. 'అందరి పిల్లలూ అక్కడికే వెళ్తున్నారు' అన్న మాటలో, ఎలాంటి కుటుంబాల పిల్లల మధ్య తమ బిడ్డ పెరగాలన్న ఆలోచన ఉంటుంది. కులం, ఆర్థిక స్థితి కూడా ఇందులో కలిసి ఉంటాయి. పైకి చెప్పేది మాత్రం తక్కువ.

అయిదోది భద్రత, దూరం, బస్సు. ఆరేడేళ్ల పిల్ల విషయంలో చాలామంది తల్లులకు అన్నింటికన్నా ముందు వచ్చే ప్రశ్న ఇదే.

ఈ అయిదింటిలో ఏదీ తప్పు కొలత కాదు. కానీ పిల్ల చదివిన దాన్ని అర్థం చేసుకుంటోందా, లెక్క చేయగలుగుతోందా అన్నది వీటిలో ఏదీ నేరుగా చెప్పదు. టీచరు రోజూ రావచ్చు, బోర్డు మీది జవాబులు ఎక్కించి పంపించవచ్చు. ప్రోగ్రెస్ కార్డులో 95 మార్కులుండవచ్చు, ప్రశ్నపత్రం తయారు చేసేదీ, దిద్దేదీ ఆ బడే. ముందు రోజు చదివించిన అయిదు ప్రశ్నలే పరీక్షలో ఇస్తే మార్కులకు కొదవ ఉండదు.

ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ఏం తేలింది?

ప్రైవేటు బడి పిల్లలకు మార్కులు ఎక్కువ వస్తే ఆ ఘనత బడిదా, ఇంటిదా? ఈ చిక్కు ప్రశ్న చాలాకాలం తేలలేదు. ప్రైవేటుకు పంపే కుటుంబాలు సాధారణంగా కాస్త ఆదాయం ఉన్నవి, తల్లి ఎంతో కొంత చదువుకున్నవి, పిల్ల చదువు మీద ఎక్కువ శ్రద్ధ పెట్టేవి. ఆ పిల్లలు ఏ బడిలో ఉన్నా కొంత ముందుండే అవకాశం ఉంది.

దీన్ని విడదీసి చూడటానికి ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక ప్రయోగం చేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని అయిదు జిల్లాల్లో 180 గ్రామాలను ఎంచుకున్నారు. పిల్లలను ప్రైవేటు బడికి పంపాలని కోరుకుంటున్న కుటుంబాల నుంచి దరఖాస్తులు తీసుకుని, లాటరీ తీసి, కొందరికి ఫీజు భరించే వోచర్లు ఇచ్చారు. 2008లో మొదలైన ఈ ప్రయోగంలో నాలుగేళ్ల పాటు పిల్లలను గమనించారు. లాటరీ గెలిచినవారూ గెలవనివారూ ఒకే రకం కుటుంబాలవారు. తేడా వస్తే అది బడి వల్లే రావాలి. ఫలితాలు 2015లో ప్రచురితమయ్యాయి.

బడి నడిచే తీరులో ప్రైవేటు బడులే మెరుగని ఈ అధ్యయనం చెప్పింది. టీచర్ల గైర్హాజరు తక్కువ, తరగతిలో పిల్లల సంఖ్య తక్కువ, బడి పనివేళలు ఎక్కువ. గేటు దగ్గర మెచ్చుకునే తండ్రి చూసింది ఇదే. అతని లెక్క తప్పు కాదు.

కానీ రెండేళ్ల తర్వాత, మళ్లీ నాలుగేళ్ల తర్వాత పరీక్షిస్తే తెలుగులో, గణితంలో లాటరీ గెలిచిన పిల్లలకూ గెలవని పిల్లలకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇంగ్లిష్‌లోనూ, సైన్స్, సోషల్‌లోనూ కనిపించిన స్వల్ప ఆధిక్యం గణాంకపరంగా నిలిచేంతది కాదు. స్పష్టమైన లాభం కనిపించింది ఒక్క హిందీలోనే. ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో అప్పట్లో హిందీ దాదాపు చెప్పేవారే కాదు కాబట్టి అది ఊహించదగినదే. ఇంటి దగ్గర పెదవి విరిచే తల్లి చూసింది ఈ రెండో సగాన్ని.

అయితే కథ అక్కడితో ముగియలేదు. ఆ ప్రైవేటు బడులు తెలుగుకు, గణితానికి కేటాయించిన సమయం ప్రభుత్వ బడులకన్నా బాగా తక్కువ. మిగిలిన సమయాన్ని ఇంగ్లిష్‌కు, హిందీకి, ఇతర సబ్జెక్టులకు ఇచ్చాయి. తక్కువ సమయంలో అదే ఫలితం రాబట్టాయంటే అది సామర్థ్యమే. పైగా ఒక్కో విద్యార్థిపై వాటి ఖర్చు ప్రభుత్వ బడుల ఖర్చులో మూడో వంతుకన్నా తక్కువ. అందుకు ప్రధాన కారణం జీతాలు. అక్కడి టీచరు జీతం ప్రభుత్వ టీచరు జీతంలో ఆరో వంతు కూడా ఉండేది కాదు.

అందుకే ఈ ఒక్క అధ్యయనాన్నే ఇరుపక్షాలూ తమకు అనుకూలంగా చూపించుకుంటాయి. ప్రభుత్వ ఖజానా వైపు నుంచి చూస్తే ప్రైవేటు బడి తక్కువ ఖర్చుతో సమాన ఫలితం ఇచ్చింది. జేబులోంచి ఫీజు కట్టే తల్లి వైపు నుంచి చూస్తే, ఉచితంగా వచ్చే తెలుగు, లెక్కల చదువుకు డబ్బు కట్టినట్టయింది. బడి గేటు దగ్గర వినిపించే రెండు తీర్పులే పరిశోధకుల చర్చలోనూ వినిపిస్తాయి. హైదరాబాద్ పాతబస్తీలోని తక్కువ ఫీజు బడులను అధ్యయనం చేసిన బ్రిటిష్ విద్యావేత్త జేమ్స్ టూలీ 2009లో వెలువరించిన 'ది బ్యూటిఫుల్ ట్రీ' పుస్తకంలో, పేదలకు ఈ బడులే మెరుగైన దారి అని వాదించారు. ఫీజు కట్టలేని అతి పేదల మాటేమిటన్నది ఆయన వాదనకు ఎదురయ్యే ప్రధాన ప్రశ్న.

అంకెలను ఎలా చదవాలి?

దేశంలో పిల్లల చదువు స్థాయిని ఇంటింటికీ వెళ్లి కొలిచే 'అసర్' నివేదిక తల్లిదండ్రుల చర్చల్లోకి తరచూ వస్తుంది. 'ప్రథమ్' సంస్థ చొరవతో 2005లో మొదలైన ఈ సర్వే గ్రామీణ ప్రాంతాలకే పరిమితం. 2024 నివేదిక ప్రకారం, అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవారు ప్రభుత్వ బడుల్లో 44.8 శాతం, ప్రైవేటు బడుల్లో 59.3 శాతం.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే ప్రైవేటు గెలిచినట్టు కనిపిస్తుంది. కానీ పైన చెప్పిన చిక్కు ఇక్కడా ఉంది. ఆ పద్నాలుగున్నర శాతం తేడాలో బడి వాటా ఎంత, తల్లి చదువు, ఇంటి ఆదాయం, ట్యూషన్ల వాటా ఎంత అన్నది ఈ అంకెలు విడదీసి చెప్పవు.

అదే నివేదికను మరో వైపు నుంచి చదవాలి. డబ్బు కట్టి చదివిస్తున్న ప్రైవేటు బడుల్లోనూ, అయిదో తరగతికి వచ్చిన ప్రతి పదిమందిలో నలుగురు రెండో తరగతి పాఠం చదవలేకపోతున్నారు. ప్రభుత్వ, ప్రైవేటు కలిపి చూస్తే అయిదో తరగతిలో భాగహారం చేయగలిగినవారు 30.7 శాతమే. ప్రైవేటు బడిలో వేశాం కదా, ఇక చూసుకోనక్కర్లేదు అనుకునే వీలు లేదని ఈ అంకెలు చెబుతున్నాయి.

ఇంగ్లిష్ మీడియం ముడి

తల్లిదండ్రుల మధ్య అభిప్రాయభేదం అన్నింటికన్నా పదునుగా ఉండేది మీడియం దగ్గర. ఇంట్లో తెలుగు తప్ప మరో మాట వినని పిల్ల ఒకటో తరగతి నుంచే పరిసరాల విజ్ఞానం, గణితం ఇంగ్లిష్‌లో చదువుతుంది. ఇలాంటి చోట రెండు పనులు ఒకేసారి జరగాలి. పిల్ల భాషను నేర్చుకోవాలి, ఆ రాని భాషలోనే విషయాన్ని కూడా అర్థం చేసుకోవాలి. టీచరుకు కూడా ఇంగ్లిష్ అంతంతమాత్రంగా వస్తే మిగిలేది బట్టీ మాత్రమే.

ఆంధ్రప్రదేశ్ ప్రయోగంలోనూ ఈ సంగతి తొంగి చూసింది. తెలుగు మీడియం ప్రైవేటు బడికి వెళ్లిన పిల్లలు ఇంగ్లిష్ మీడియం ప్రైవేటు బడికి వెళ్లినవారికన్నా మెరుగ్గా నేర్చుకుని ఉండవచ్చని, మీడియం మారడం తొలి ఏళ్లలో చదువును దెబ్బతీసి ఉండవచ్చని పరిశోధకులు సూచించారు. దీన్ని వారు తేలిపోయిన నిర్ధారణగా కాక సూచనగానే చెప్పారు.

విధానపరంగా చూస్తే, వీలైనంత మేరకు బోధన మాతృభాషలో ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. కనీసం అయిదో తరగతి వరకూ మాతృభాష లేదా స్థానిక భాషలో బోధించాలని 2020 జాతీయ విద్యా విధానం సూచించింది. మరోవైపు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో ప్రభుత్వ బడులన్నింటినీ ఇంగ్లిష్ మీడియానికి మార్చాలని ఉత్తర్వులిచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. పేదల పిల్లలకు ఇంగ్లిష్ ఎందుకు దక్కకూడదన్న ప్రశ్నా, అర్థం కాని భాషలో చదువు చదువవుతుందా అన్న ప్రశ్నా రెండూ అప్పట్లో బలంగా వినిపించాయి.

ఇంగ్లిష్ నేర్చుకోవడం, ఇంగ్లిష్‌లో నేర్చుకోవడం ఒకటి కాదు. మొదటిదాన్ని కోరుకునే తల్లిదండ్రులకు చాలా బడులు రెండోదాన్ని అమ్ముతున్నాయి. ఆ తేడా పట్టుకున్నవారు పెదవి విరుస్తారు, పట్టుకోనివారు మెచ్చుకుంటారు.

ఒకే బడిలో ఇద్దరికి రెండు అనుభవాలు ఎందుకు?

బడి పేరు ఒకటే అయినా అన్ని సెక్షన్లూ ఒకేలా ఉండవు. తక్కువ జీతాల వల్ల ప్రైవేటు ప్రాథమిక టీచర్లు తరచూ మారుతుంటారు. డీఎస్సీ నోటిఫికేషన్ వస్తే ప్రిపరేషన్‌కని మానేసేవారుంటారు. పెళ్లయి ఊరు మారేవారుంటారు. ఒక ఏడాది మంచి టీచరు దొరికిన పిల్ల తల్లి ఆ బడిని పొగుడుతుంది. మరుసటి ఏడాది అదే తరగతిలో ముగ్గురు టీచర్లు మారితే ఆ తల్లిదండ్రులు తిట్టుకుంటారు. ప్రాథమిక దశలో బడి అంటే ఆచరణలో ఒక టీచరే.

ఇంటి సాయం మరో కారణం. హోంవర్క్ ఎక్కువగా ఇచ్చే బడి, బోధనలో కొంత భాగాన్ని ఇంటికి పంపిస్తుంది. పక్కన కూర్చుని చదివించే తల్లి, తాత, అక్క ఉన్న ఇంట్లో ఆ పద్ధతి పనిచేస్తుంది. ఇద్దరూ పనికి వెళ్లి రాత్రి ఇంటికి చేరే ఇంట్లో అది ట్యూషన్ ఖర్చవుతుంది. ఒకే హోంవర్క్ ఒక ఇంట్లో నాణ్యతగా, మరో ఇంట్లో భారంగా కనిపించేది ఇందుకే. కేంద్రం తెచ్చిన 2020 స్కూలు బ్యాగు విధానం రెండో తరగతి వరకూ హోంవర్క్ వద్దని, మూడు నుంచి అయిదో తరగతి వరకూ వారానికి రెండు గంటలకు మించవద్దని, బ్యాగు బరువు పిల్ల బరువులో పది శాతం దాటవద్దని చెబుతోంది.

మూడో కారణం చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉండేది. ఏటా వేల రూపాయలు కట్టి, అప్పు కూడా చేసి ఉన్నవారికి తమ ఎంపిక తప్పని ఒప్పుకోవడం కష్టం. బడి మార్చాలంటే కొత్త అడ్మిషన్ ఫీజు, కొత్త యూనిఫాం, కొత్త పుస్తకాలు. అందుకే అసంతృప్తి ఉన్నా చాలామంది బయట మెచ్చుకుంటూనే ఉంటారు.

చట్టం దేన్ని కొలుస్తుంది?

గుర్తింపు పొందిన బడి అంటే నాణ్యమైన బడి అని చాలామంది అనుకుంటారు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బడికి గుర్తింపు రావాలంటే భవనం, తరగతి గదులు, వేర్వేరు మరుగుదొడ్లు, తాగునీరు, ఆటస్థలం, గ్రంథాలయం వంటివి ఉండాలి. ఒకటి నుంచి అయిదో తరగతి వరకూ ప్రతి 30 మందికి ఒక టీచరు, ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలి. టీచర్లకు నిర్దేశిత అర్హతలు ఉండాలి. ప్రాథమిక తరగతులకు బీఎడ్ తగిన అర్హత కాదని, ఆ దశకు ప్రత్యేకించిన డీఎడ్ వంటి శిక్షణే కావాలని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఇవన్నీ అవసరమే. కానీ పిల్లలు ఏం నేర్చుకున్నారన్నది గుర్తింపు షరతుల్లో లేదు. పైగా తల్లిదండ్రులే మెజారిటీగా ఉండే పాఠశాల యాజమాన్య కమిటీని ఈ చట్టం ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు తప్పనిసరి చేసింది తప్ప అన్‌ఎయిడెడ్ ప్రైవేటు బడులకు కాదు. ఫీజు కట్టే తల్లిదండ్రులకు ఈ చట్టం కింద అలాంటి వేదిక లేదు.

పిల్లలను ఎంపిక చేయడానికి ప్రవేశ పరీక్ష, తల్లిదండ్రులకు ఇంటర్వ్యూ పెట్టడం, డొనేషన్ వసూలు చేయడం 13వ సెక్షన్ కింద నేరం. పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని 17వ సెక్షన్ నిషేధిస్తోంది. 'అక్కడ స్ట్రిక్టుగా ఉంటారు' అన్న పొగడ్త వెనుక బెత్తం ఉంటే అది క్రమశిక్షణ కాదు, చట్ట ఉల్లంఘన.

సమాచారం ఇస్తే ఏమవుతుంది?

తల్లిదండ్రులు కనిపించేవాటిని బట్టి తీర్పు ఇస్తున్నారు సరే, కనిపించనిదాన్ని వారి ముందు పెడితే? పాకిస్తాన్‌లోని పంజాబ్ రాష్ట్రంలో ఆర్థికవేత్తలు తాహిర్ అంద్రాబీ, జిష్ణు దాస్, ఆసిమ్ ఇజాజ్ ఖ్వాజా ఇదే పరీక్షించారు. మూడు జిల్లాల్లోని 112 గ్రామాల్లో మూడో తరగతి పిల్లలకు ఉర్దూ, ఇంగ్లిష్, గణితంలో పరీక్షలు పెట్టారు. సగం గ్రామాల్లో తల్లిదండ్రులను పిలిచి, వారి బిడ్డ మార్కులతో పాటు ఊళ్లోని ప్రభుత్వ, ప్రైవేటు బడులన్నింటి సగటు మార్కులున్న కార్డులు చేతికిచ్చి వివరించారు. ఏ బడిలో వేయాలో మాత్రం చెప్పలేదు.

కార్డులు ఇచ్చిన ఊళ్లలో తర్వాత పరీక్షిస్తే మార్కులు సగటున పెరిగాయి. ప్రైవేటు బడుల ఫీజులు 17 శాతం తగ్గాయి. బడిలో చేరిన పిల్లల సంఖ్య 4.5 శాతం పెరిగింది. మొదట వెనుకబడి ఉన్న ప్రైవేటు బడులు చదువు మెరుగుపరచుకున్నాయి. ముందున్న బడులు ఫీజు తగ్గించాయి. ఊళ్లో అందరికీ లెక్క తెలిశాక పేరు చెప్పుకుని ఎక్కువ వసూలు చేయడం కష్టమైంది. ఈ ఫలితాలు 2017లో ప్రచురితమయ్యాయి.

ఆ ఊళ్లలో చాలామంది తల్లిదండ్రులు పెద్దగా చదువుకోనివారే. వారికి కొరవడినది తెలివి కాదు, నమ్మదగిన సమాచారం.

ఇంట్లోనే ఎలా తెలుసుకోవచ్చు?

మన ఊళ్లలో అలాంటి కార్డులు లేవు. కానీ కొన్ని తనిఖీలు ఎవరైనా ఇంట్లోనే చేయవచ్చు.

చదవడం: పిల్ల తన పాఠ్యపుస్తకంలో లేని చిన్న కథ చదవగలగాలి. బట్టీ పట్టిన పాఠం చదివిస్తే ఏమీ తెలియదు. మూడో తరగతి పూర్తయ్యేసరికి అర్థం చేసుకుంటూ నిమిషానికి కనీసం 60 పదాలు చదవాలన్నది 2021లో మొదలైన కేంద్ర 'నిపుణ్ భారత్' కార్యక్రమ లక్ష్యం. తెలుగులో పదాలు పొడవుగా ఉంటాయి కాబట్టి ఆ అంకెను పట్టుకుని గడియారం చూడనక్కర్లేదు. ఎన్‌సీఈఆర్‌టీ కూడా 2022 సర్వేలో ఒక్కో భాషకు వేర్వేరు కొలమానం పెట్టింది. చదివాక కథలో ఏం జరిగిందో సొంత మాటల్లో చెప్పగలిగితే చాలు.

లెక్క: అసర్ సర్వేలో వాడే పద్ధతి తేలికైనది. రెండంకెల సంఖ్యలను గుర్తుపట్టడం, అప్పు తెచ్చుకుని చేసే రెండంకెల తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. మూడో తరగతి పిల్లకు తీసివేత, అయిదో తరగతి పిల్లకు భాగహారం రావాలి. కిరాణా కొట్టులో చిల్లర లెక్క చెప్పించినా తెలిసిపోతుంది.

ఇంగ్లిష్: రైమ్స్ కాకుండా, కొత్త వాక్యం ఒకటి చదివించి దాని అర్థం తెలుగులో అడగాలి.

బడిని అడగాల్సినవి: గత రెండేళ్లలో ఈ తరగతికి ఎంతమంది టీచర్లు మారారు? టీచరు శిక్షణ ఏమిటి? ఒక సెక్షన్‌లో ఎంతమంది? వెనుకబడిన పిల్లకు బడిలోనే ఏం చేస్తారు? ఫీజు కాక పుస్తకాలు, బస్సు, యూనిఫాం, ఇతర వసూళ్లు కలిపి ఏడాది మొత్తం ఎంత? ఈ ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబు చెప్పడమే ఆ బడి గురించి కొంత చెబుతుంది. ఇదే తనిఖీ, ఇవే ప్రశ్నలు ఊళ్లోని సర్కారు బడికీ వర్తిస్తాయి. అక్కడ మంచి టీచరు ఉంటే ఆ సంగతీ బయటపడుతుంది.

మార్చాలనుకుంటే: ప్రైవేటు నుంచి ప్రభుత్వ లేదా ఎయిడెడ్ బడికి మారే హక్కు పిల్లకు విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ కింద ఉంది. ప్రధానోపాధ్యాయులు టీసీ వెంటనే ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి ప్రవేశం నిరాకరించకూడదు.

మొదటి అయిదేళ్లే ఎందుకు?

పై తరగతుల్లో వెనుకబడితే ట్యూషన్‌తోనో, మరో ఏడాది శ్రమతోనో కొంత సర్దుకోవచ్చు. చదవడం రాకుండా నాలుగో తరగతికి వెళ్లిన పిల్లకు మాత్రం అక్కడి నుంచి ప్రతి సబ్జెక్టూ మూసిన తలుపే. సైన్స్ పాఠమైనా, లెక్కల ప్రశ్నైనా ముందు చదివితేనే కదా అర్థమయ్యేది.

గేటు దగ్గర వినిపించే రెండు తీర్పులనూ అందుకే వినాలి. టీచర్లు రోజూ వస్తున్నారన్న మాటకూ విలువ ఉంది, పిల్లకు చదవడం రావడం లేదన్న మాటకూ విలువ ఉంది. కానీ రెంటిలో ఒకటే సరిచూసుకునే సమయం ఉంటే, ప్రోగ్రెస్ కార్డు పక్కన పెట్టి, పిల్ల ఎన్నడూ చూడని ఒక పేజీని ముందు పెట్టి చదివించడం మేలు. ఆ పరీక్షకు పది నిమిషాలు చాలు, ఫీజు కూడా అక్కర్లేదు.